విడాకులకి నిజంగా ఎంత టైమ్ పడుతుంది? "ఆరు నెలలు" అనే మాట వెనక అసలు లెక్క

ఈ ఎపిసోడ్ చాలా మంది అడిగారు. ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, మ్యూచువల్ డైవోర్స్ ఆరు నెలల్లో అయిపోతుందంట కదా? అక్టోబర్‌లో ఆన్‌సైట్ ఉంది, ఆ లోపు అయిపోతే బాగుండు." అదే వారం ఒక చెల్లి రాసింది: "అన్నా, కేసు వేసి మూడేళ్లయింది, ఇంకా క్రాస్ కూడా మొదలవ్వలేదు. ఎప్పటికి అవుతుందో ఎవరూ చెప్పట్లేదు."

ఇద్దరూ అడిగింది ఒకటే ప్రశ్న. కానీ జవాబులు రెండు. ఎందుకంటే విడాకులు అనేది ఒక దారి కాదు, రెండు దారులు. మీరు ఏ దారిలో ఉన్నారో తెలియకుండా టైమ్ ఎంత అని అడిగితే, హైదరాబాద్ నుంచి ఎంత దూరం అని అడిగినట్టే. ఎక్కడికి అన్నది ముందు చెప్పాలి కదా.

ముందే ఒక మాట. నేను లాయర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. చట్టం చదివి, తెలిసిన లాయర్లని అడిగి, నా పాత రూమ్మేట్ కేసు దగ్గరగా చూసి చెప్తున్నా. మీ కేసుకి మీ లాయర్ చెప్పిందే ఫైనల్. కానీ ఆ లాయర్‌ని ఏం అడగాలో తెలియాలంటే ఇది మీకు పనికొస్తుంది.

ఇంకోటి. ఇవాళ ఎక్కువగా మాట్లాడేది హిందూ వివాహ చట్టం, 1955 గురించి. రిజిస్టర్ మ్యారేజ్ చేసుకున్నవాళ్లకి వర్తించే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్, 1954లో కూడా లెక్కలు దాదాపు ఇవే. క్రిస్టియన్స్‌కి వేరే చట్టం, అందులో పరస్పర అంగీకారానికి రెండేళ్లు విడిగా ఉండాలని రాసి ఉంది. ముస్లింలకి పద్ధతి పూర్తిగా వేరు, దానికి విడిగా ఎపిసోడ్ చేద్దాం.

మొదటి దారి: ఇద్దరూ ఒప్పుకుంటే

దీన్నే మ్యూచువల్ కన్సెంట్ అంటాం. చట్టంలో సెక్షన్ 13బి. ఇది 1955లో లేదు, 1976లో సవరణ చేసి పెట్టారు. అంటే అంతకు ముందు హిందూ వివాహ చట్టంలో ఇద్దరూ ఇష్టపడి విడిపోవడానికి ఈ దారే లేదు. ఒకరి మీద ఒకరు తప్పు రుజువు చేయాల్సిందే.

ఇప్పుడు లెక్క చూడండి. పిటిషన్ వేయాలంటే అప్పటికే ఒక ఏడాది విడిగా ఉండి ఉండాలి. ఇద్దరూ కలిసి సంతకం పెట్టి వేస్తారు. దాన్ని ఫస్ట్ మోషన్ అంటారు. ఆ రోజు నుంచి ఆరు నెలలు ఆగాలి. ఆ తర్వాత, పద్దెనిమిది నెలలు దాటకుండా, ఇద్దరూ మళ్లీ వచ్చి "అవునండి, మా నిర్ణయం మారలేదు" అని చెప్పాలి. అది సెకండ్ మోషన్. జడ్జి గారికి ఇది బలవంతం కాదు, మోసం కాదు అని నమ్మకం కుదిరితే డిక్రీ ఇస్తారు.

సో, జనం చెప్పే "ఆరు నెలలు" ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైందా? అది రెండు మోషన్ల మధ్య గ్యాప్ మాత్రమే. మొత్తం టైమ్ కాదు. ఉదాహరణకి, ఒక జంట 2023 ఆగస్టులో విడిపోయారు అనుకుందాం. 2024 ఆగస్టుకి ఏడాది పూర్తి. అప్పుడు పిటిషన్. సెకండ్ మోషన్ 2025 ఫిబ్రవరిలో. అంటే విడిపోయిన రోజు నుంచి చూస్తే తక్కువలో తక్కువ ఏడాదిన్నర.

ఇక్కడ చాలా మందికి ఒక డౌట్ ఉంటుంది. "మేం ఒకే ఇంట్లో ఉన్నాం, ఈఎంఐ కట్టాలి కాబట్టి వేరే ఇల్లు తీసుకోలేదు. మరి విడిగా ఉన్నట్టా కాదా?" సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. విడిగా ఉండటం అంటే వేరే ఇంట్లో ఉండటమే కానక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా ఉండకపోతే అది విడిగా ఉన్నట్టే. కాకపోతే ఆ మాట కోర్టులో నమ్మేలా చెప్పగలగాలి.

అదే తీర్పులో ఇంకో ముఖ్యమైన పాయింట్ ఉంది. ఫస్ట్ మోషన్‌లో సంతకం పెట్టిన తర్వాత కూడా, డిక్రీ వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. సంతకం పెట్టారు కదా, ఇక తప్పదు అనడానికి లేదు. అందుకే ఫస్ట్ మోషన్ అవ్వగానే "అయిపోయింది" అని కొత్త సంబంధాలు చూడటం మొదలుపెట్టకండి. అప్పటికి మీరు చట్టం దృష్టిలో పెళ్లయినవాళ్లే.

ఆ ఆరు నెలలు తగ్గుతాయా?

తగ్గొచ్చు. 2017 సెప్టెంబర్ 12న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఈ ఆరు నెలల గడువు కచ్చితంగా పాటించి తీరాల్సింది కాదు, పరిస్థితిని బట్టి ఫ్యామిలీ కోర్టు మాఫీ చేయొచ్చు అని. కానీ కొన్ని విషయాలు చూడమంది.

ఒకటి, పిటిషన్ వేసేటప్పటికే ఏడాది ప్లస్ ఆరు నెలలు, అంటే పద్దెనిమిది నెలలు విడిగా గడిచిపోయి ఉండాలి. రెండు, కలపడానికి చేసిన ప్రయత్నాలు, మీడియేషన్, అన్నీ ఫెయిల్ అయి ఉండాలి. మూడు, భరణం, పిల్లల కస్టడీ లాంటివన్నీ నిజంగా సెటిల్ అయి ఉండాలి. నాలుగు, ఇంకా ఆగమనడం వల్ల వాళ్ల బాధ పెరగడం తప్ప ఉపయోగం లేదని కోర్టుకి అనిపించాలి. ఫస్ట్ మోషన్ అయిన వారం తర్వాత ఈ మాఫీ కోసం అప్లికేషన్ వేసుకోవచ్చని కూడా అందులోనే ఉంది.

సో, నాకు మెసేజ్ పెట్టిన తమ్ముడికి జవాబు ఇదే. మీరిద్దరూ విడిగా ఉండి ఇప్పటికే పద్దెనిమిది నెలలు దాటి, డబ్బు, బంగారం, పిల్లల విషయం అన్నీ తేలిపోతే, మీ లాయర్‌ని "ఆరు నెలల వేవర్ అడుగుదామా" అని అడుగు. కోర్టు ఒప్పుకుంటే నెలల పని వారాల్లో అవ్వొచ్చు. కానీ అది హక్కు కాదు, జడ్జి గారి నిర్ణయం. దాన్ని నమ్ముకుని ఫ్లైట్ టికెట్ బుక్ చేయకు.

మీరు ఊరు దాటి, దేశం దాటి ఉంటే? అదే తీర్పులో, రాలేని పరిస్థితి ఉంటే వీడియో కాన్ఫరెన్స్ వాడొచ్చని, తల్లిదండ్రులు, తోబుట్టువుల లాంటి దగ్గరివాళ్ల ద్వారా హాజరు కావడానికి అనుమతి ఇవ్వొచ్చని కోర్టు చెప్పింది. డాలస్‌లో ఉన్నా, సిడ్నీలో ఉన్నా ప్రతి వాయిదాకీ రావాలన్న రూలేం లేదు. కానీ ముందుగా అడిగి, పర్మిషన్ తీసుకోవాలి.

రెండో దారి: ఒకరు ఒప్పుకోకపోతే

ఇదే కాంటెస్టెడ్. సెక్షన్ 13. ఇక్కడ కారణం చెప్పాలి, రుజువు చేయాలి. క్రూరత్వం, రెండేళ్లు వదిలేసి వెళ్లడం, వివాహేతర సంబంధం, మతం మారడం, ఏడేళ్లుగా ఆచూకీ లేకపోవడం లాంటివి చట్టంలో రాసి ఉన్నాయి. "మాకు పడట్లేదు" అనేది ఆ లిస్టులో లేదు.

చాలా మంది ఆశ్చర్యపోతారు కానీ ఇది నిజం. పెళ్లి పూర్తిగా చచ్చిపోయింది, ఇక బాగుపడదు అన్నది మాత్రమే కారణంగా చూపించి ఫ్యామిలీ కోర్టులో విడాకులు తీసుకోలేం. లా కమిషన్ 1978లో ఒకసారి, 2009లో ఇంకోసారి ఈ కారణాన్ని చట్టంలో పెట్టమని చెప్పింది. 2013లో రాజ్యసభ ఒక బిల్లు పాస్ కూడా చేసింది. అది చట్టం కాలేదు. 2023 మే 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఆర్టికల్ 142 కింద తాము మాత్రం ఆ కారణం మీద విడాకులు ఇవ్వగలమని చెప్పింది. అయితే అది ఎవరూ హక్కుగా అడిగేది కాదని, దీనికోసం నేరుగా సుప్రీంకోర్టులో రిట్ వేయడానికి లేదని కూడా స్పష్టంగా చెప్పింది.

మరి కాంటెస్టెడ్‌కి ఎంత టైమ్? చట్టం ఏమంటుందో తెలుసా? సెక్షన్ 21బి చదవండి. నోటీసు అందిన రోజు నుంచి ఆరు నెలల్లో విచారణ ముగించే ప్రయత్నం చేయాలి. అప్పీల్ అయితే మూడు నెలల్లో. వీలైనంత వరకు రోజువారీగా వినాలి. పేపర్ మీద ఇంత బాగుంది. బయట మాత్రం మూడు, నాలుగేళ్లు నడవడం మామూలే. అంతకంటే ఎక్కువ పట్టే కేసులూ ఉన్నాయి.

ఎక్కడ ఆగిపోతుంది? ఒక్కో స్టేజ్ చూద్దాం.

పిటిషన్ వేస్తారు, స్క్రూటినీ అయి నంబర్ పడుతుంది. అవతలివాళ్లకి నోటీసు వెళ్తుంది. ఇక్కడే మొదటి బ్రేక్. అడ్రస్ మారితే, తీసుకోకుండా తిప్పి పంపితే, విదేశంలో ఉంటే, ఈ ఒక్క స్టెప్‌కే నెలలు పోతాయి. తర్వాత వాళ్లు కౌంటర్ వేయాలి. మధ్యలో కౌన్సెలింగ్, మీడియేషన్. ఇది ఫార్మాలిటీ కాదు, కలిపే ప్రయత్నం చేయడం ఫ్యామిలీ కోర్టు బాధ్యత అని 1984 చట్టమే చెప్తోంది. ఆ తర్వాత మధ్యంతర భరణం, పిల్లల్ని చూసే హక్కు, వీటికి విడి పిటిషన్లు. మధ్యంతర భరణం అప్లికేషన్ నోటీసు అందాక అరవై రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అది కూడా చాలా చోట్ల లాగుతుంది.

అది దాటితే సాక్ష్యం. మీ చీఫ్ అఫిడవిట్, అవతలి లాయర్ క్రాస్. మళ్లీ వాళ్ల చీఫ్, మీ లాయర్ క్రాస్. ఒక రోజు మీ లాయర్ వేరే కోర్టులో ఉంటారు, ఒక రోజు వాళ్ల లాయర్ టైమ్ అడుగుతారు, ఒక రోజు జడ్జి గారు లీవ్, ఒక రోజు ట్రాన్స్‌ఫర్. ప్రతి వాయిదా నెలో, నెలన్నరో. పది వాయిదాలు అలా పోతే ఏడాది అయిపోయింది. ఎవరూ పెద్ద తప్పు చేయకుండానే!

అవతలివాళ్లు అసలు రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. తొందరగా అయిపోయిందని సంబరపడకండి. నోటీసు సరిగ్గా అందలేదని చూపించి దాన్ని కొట్టేయించుకోవచ్చు. అప్పుడు ఆట మళ్లీ మొదటికి.

రెండు రాష్ట్రాలు, రెండు హైకోర్టులు

ఇది మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా తగిలే విషయం. నా పాత రూమ్మేట్ సంగతి చెప్తా. వాడిది హైదరాబాద్ ఉద్యోగం. అమ్మాయి పుట్టిల్లు గుంటూరు వైపు. వాడు ఇక్కడ కేసు వేశాడు. ఆ అమ్మాయికి ఏడాదిన్నర బాబు, వాళ్ల నాన్నకి ఆరోగ్యం బాగోదు. ప్రతి వాయిదాకీ చంకలో బిడ్డతో తెల్లవారుజామున బస్సు దిగి రావడం ఆమె వల్ల కాలేదు. కేసు తన ఊరికి మార్చమని అడిగింది. అడగడంలో తప్పేముంది?

కానీ 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కి, తెలంగాణకి వేర్వేరు హైకోర్టులు. ఒక రాష్ట్రం లోపల ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి అయితే హైకోర్టు మారుస్తుంది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చాలంటే సుప్రీంకోర్టుకి, అంటే ఢిల్లీకి వెళ్లాలి. ఇక్కడి విచారణ ఆగిపోయింది. పెళ్లి ఎందుకు చెడింది అన్నదాని మీద ఒక్క మాట కూడా రికార్డు అవ్వకుండా, కేసు ఏ ఊళ్లో నడవాలి అన్నదానికే ఏడాది పైగా పోయింది.

దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. 2003 సవరణ తర్వాత, భార్య తను ఉంటున్న ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు. భర్త వేస్తే, పెళ్లి జరిగిన చోటో, చివరిగా కలిసి ఉన్న చోటో, ఆమె ఇప్పుడు ఉంటున్న చోటో వేయొచ్చు. మీకు సౌకర్యంగా ఉందని మీ ఆఫీసు పక్క కోర్టులో వేస్తే, ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వచ్చే ఛాన్స్ ఉంది. ఆమె ఊళ్లోనే వేస్తే మీకు ప్రయాణం ఎక్కువ, కేసుకి మాత్రం ఒక ఏడాది తక్కువ. ఆలోచించుకోండి.

వాడి కేసు చివరికి ఎలా ముగిసిందంటే, మీడియేషన్‌లో. బాబు చదువుకి ఎంత, వాడు ఎప్పుడు చూడొచ్చు, ఆమె బంగారం ఎప్పుడు తిరిగిస్తాడు, అన్నీ కాగితం మీద రాసుకున్నారు. కాంటెస్టెడ్ కేసుని మ్యూచువల్‌గా మార్చుకున్నారు. ఇది చాలా మందికి తెలియదు. మొదటి దారిలో కాకుండా రెండో దారిలో మొదలైనా, మధ్యలో ఎప్పుడైనా ఇటు మారొచ్చు. ఆ రోజు మీడియేషన్ రూమ్ బయట వాడు నాతో ఒక్క మాటే అన్నాడు: "ఈ లెక్కలన్నీ మొదటి నెలలోనే మాట్లాడుకోవాల్సింది రా."

అసలు టైమ్ తినేది ఏంటి?

నేను గమనించింది చెప్తున్నా. విడిపోవాలా వద్దా అన్నదాని మీద గొడవ చాలా కేసుల్లో తొందరగానే తేలిపోతుంది. ఆగేది మూడు చోట్ల: డబ్బు, బిడ్డ, పక్క కేసులు.

డబ్బు విషయంలో, 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌గా ఇవ్వాలి. భరణం కూడా అప్లికేషన్ వేసిన తేదీ నుంచే లెక్కేయాలి. అంటే సాగదీసి లాభపడదాం అనుకునేవాళ్లకి లాభం లేదు, బకాయి పెరుగుతూనే ఉంటుంది. శాలరీ స్లిప్ దాచి, ఉద్యోగం మానేశానని చెప్పే టెక్నిక్స్ గురించి నాకు మెసేజ్‌లు పెట్టకండి, ప్లీజ్. ప్రమాణం చేసి అబద్ధం రాయడం నేరం.

బిడ్డ విషయంలో, తల్లి సంతకం పెట్టి "నాకేం వద్దు" అని తన భరణం వదులుకున్నా, బిడ్డ హక్కు పోదు. సెటిల్‌మెంట్ రాసేటప్పుడు బిడ్డ పేరు మీద ఏముందో విడిగా రాయించండి.

పక్క కేసులు అంటే గృహహింస కేసు, పాత 498ఏ, అంటే ఇప్పటి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85, భరణం కేసు. ఇవి విడాకులతో పాటు వాటంతట అవే పోవు. రాజీ అయితే, ఏ కేసు ఎవరు, ఏ తేదీలోపు, ఏ కోర్టులో వెనక్కి తీసుకోవాలో, హైకోర్టులో క్వాష్‌కి ఎవరు సహకరించాలో అగ్రిమెంట్‌లో రాసుకోవాలి. డబ్బు మొత్తం ఒకేసారి కాకుండా, కొంత ఫస్ట్ మోషన్ రోజు, మిగతాది సెకండ్ మోషన్ రోజు డీడీ రూపంలో ఇచ్చేలా రాసుకుంటే ఇద్దరికీ భద్రత.

నిజంగా హింస ఉన్న ఇంట్లో ఉన్నవాళ్లకి ఇంకో మాట. "కేసు పెడితే విడాకులు లేట్ అవుతాయి, సర్దుకో" అని ఎవరైనా అంటే వినకండి. ముందు ప్రాణం, తర్వాతే టైమ్‌లైన్. మహిళా హెల్ప్‌లైన్ 181. ఉచిత న్యాయ సహాయం కోసం 15100. ఆడవాళ్లకి, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచితంగా లాయర్‌ని ఇచ్చే చట్టం 1987 నుంచే ఉంది.

షార్ట్‌కట్స్ జోలికి పోవద్దు

రీల్స్‌లో కనిపిస్తుంటాయి కదా, "పదిహేను రోజుల్లో ఆన్‌లైన్ డైవోర్స్" అని. కోర్టు డిక్రీ లేకుండా నోటరీ దగ్గర స్టాంప్ పేపర్ మీద రాసుకుంటే విడాకులు అవ్వవు. పెద్దమనుషుల పంచాయతీ కాగితం కూడా అంతే. కొన్ని కులాల్లో ఆచారంగా వచ్చే విడాకుల్ని చట్టం గుర్తిస్తుంది, కానీ ఆ ఆచారం ఉందని మీరే రుజువు చేయాలి. ఆ కాగితం నమ్మి రెండో పెళ్లి చేసుకుంటే ఏడేళ్ల వరకు జైలు పడే నేరం.

ఎన్నారైలు ముఖ్యంగా వినండి. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట కేసులో, భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకున్నాడు. 1991లో సుప్రీంకోర్టు అది ఇక్కడ చెల్లదంది. మన చట్టంలో లేని కారణం మీద, భార్య ఒప్పుకుని హాజరు కాకుండా తెచ్చుకున్న ఫారిన్ డిక్రీ ఇక్కడ నిలబడదు. అక్కడ మూడు నెలల్లో అయిపోయిందని ఇక్కడ పెళ్లిచూపులకి వస్తే చిక్కుల్లో పడతారు.

ఫోన్‌లో ఇప్పుడే చేయగలిగే పనులు

ఈ-కోర్ట్స్ యాప్ డౌన్‌లోడ్ చేయండి. మీ కేసుకి పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబర్ ఉంటుంది, లాయర్‌ని అడిగి తీసుకోండి. తర్వాతి వాయిదా ఎప్పుడు, లాస్ట్ టైమ్ ఏం జరిగింది, అన్నీ అందులో కనిపిస్తాయి. "ఏమైంది సార్" అని లాయర్‌కి ఇరవై సార్లు కాల్ చేయక్కర్లేదు. మీ వైపు నుంచి ఎన్నిసార్లు వాయిదా అడిగారో కూడా చూసుకోండి. కొన్నిసార్లు లేట్ చేస్తున్నది మనమే అయ్యుంటుంది.

పెళ్లి ఫోటో, శుభలేఖ, మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే అది, ఆధార్, విడిగా ఉంటున్నట్టు చూపే రెంట్ అగ్రిమెంట్ లాంటివి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.

డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీ తీసుకోవడం మర్చిపోవద్దు. పాస్‌పోర్ట్‌కైనా, వీసాకైనా అదే అడుగుతారు. కాంటెస్టెడ్ డిక్రీ అయితే అప్పీల్‌కి హిందూ వివాహ చట్టంలో తొంభై రోజుల గడువు ఉంది. అది దాటాక, అప్పీల్ ఏదీ లేదని కన్‌ఫర్మ్ చేసుకున్నాకే మళ్లీ పెళ్లి మాట.

ఇక మూడేళ్లుగా ఎదురుచూస్తున్న చెల్లికి. అమ్మా, నీ కేసు ఏ స్టేజ్‌లో ఉందో యాప్‌లో చూడు. క్రాస్ మొదలవ్వకపోతే, రోజువారీగా వినమని సెక్షన్ 21బి కింద మెమో వేయొచ్చా అని లాయర్‌ని అడుగు. కేసు తొందరగా తేల్చమని ఫ్యామిలీ కోర్టుకి డైరెక్షన్ ఇవ్వాలని హైకోర్టుని కోరే దారి కూడా ఉంది, దాని గురించీ అడుగు. అవతలివాళ్లు మాట్లాడటానికి సిద్ధంగా ఉంటే మీడియేషన్‌కి పంపమని మళ్లీ అడగొచ్చు, ఒకసారి ఫెయిల్ అయితే ఇక లేదని కాదు. ఈ లోపు పరీక్షలుంటే రాయి, ఉద్యోగం వస్తే చేరు. కేసు నడుస్తోందని నీ జీవితం ఆపక్కర్లేదు. వాయిదా రోజు తప్ప మిగతా ఇరవై తొమ్మిది రోజులు నీవే.

డౌట్స్ ఉంటే అడగండి, వచ్చే ఎపిసోడ్‌లో భరణం లెక్క ఎలా వేస్తారో మాట్లాడదాం. పేర్లు, కేసు నంబర్లు మాత్రం కామెంట్లలో పెట్టకండి. ఉంటా మరి, బై.